మూత వేసిన గ్లాసు

ఆంజనేయప్రసాద్ రబ్బరు చాపలు వెనక సందులోకి ఈడ్చుకొచ్చి, గోడకు నిలబెట్టి, గొట్టంతో నీళ్లు కొడుతున్నాడు. నిన్న ఒలికిన బీరు, పిండేసిన నిమ్మచెక్కలు, ఎవరి చెవిదో ఒక ముత్యాల దుద్దు, అన్నీ కలిసి కాలువ జాలీ దాకా కొట్టుకొచ్చాయి. దుద్దు తీసి తుడిచి చొక్కా జేబులో వేసుకున్నాడు. శనివారం, పొద్దున పదిన్నర. హ్యూస్టన్ ఎండ అప్పుడే సందులోకి సగం దాకా దిగింది. వంగిన నడుము ఒక్కసారిగా లేవదు. ముందు మోకాలి మీద చెయ్యి, తర్వాత గోడ మీద చెయ్యి, ఆ తర్వాత మనిషి. యాభై ఆరేళ్లలో పదకొండేళ్లు ఈ చాపలు ఎత్తి దించడంలోనే పోయాయి.

చాపలయ్యాక ఐసు, ఆరు బకెట్లు. ఐసయ్యాక బీరు పీపాలు మార్చడం. అదీ అయ్యాక ఇత్తడి కడ్డీ. కౌంటరు కింద జనం కాళ్లు ఆనించుకునే కడ్డీ అది. ఎవరెవరో బూట్లతో తొక్కేదాన్ని గుళ్లో గంట తోమినట్టు తోమాలి. యజమానురాలు మార్సీకి డెబ్భై ఒకటి. మొగుడు పోయినా కడ్డీ మెరుపు పోనివ్వలేదు.

పబ్ అనగానే ఊరి శివారు కేటీలో మనవాళ్లు ఊహించుకునే పబ్ కాదిది. ఇక్కడ రంగు లైట్లు తిరగవు, ఎవరూ గెంతరు. రైలుపెట్టెలా సన్నగా పొడుగ్గా ఒక గది, నల్లబడిన చెక్క, రేకు కప్పు, తొమ్మిది స్టూళ్లు, గోడ నిండా ఎప్పుడో చచ్చిపోయిన నటుల ఫోటోలు. చుట్టూ అద్దాల మేడలు లేచాయి గానీ, నాటకశాలల మధ్య దీన్ని మాత్రం ఎవరో మరిచిపోయినట్టు వదిలేశారు. బర్త్‌డే పార్టీల్లో హెచ్‌వన్ కుర్రాళ్లు, "మీరేం చేస్తుంటారు అంకుల్?" అని అడిగితే ప్రసాద్, "హాస్పిటాలిటీ," అంటాడు. వాళ్లు ఏదో హోటలుకు మేనేజరనుకుంటారు. అనుకోనీ. పేపర్ ప్లేట్‌లో బిర్యానీ పెట్టుకుని గరాజ్ పక్కన నిలబడి తినేవాడికి ఆ మాత్రం గౌరవం ఎవరిస్తారు.

ఈ పబ్‌కి ఒక ఆచారం ఉంది. రోడ్డుకు అవతల పెద్ద నాటకశాల. ఆట మొదలయ్యే పది నిమిషాల ముందు మార్సీ కౌంటరు వెనక వేలాడే గంట కొడుతుంది. జనం లేస్తారు. గ్లాసులో ఇంకా మిగిలుంటే, దాని కింద ఉండే గుండ్రటి అట్టబిళ్ల తీసి గ్లాసు మూతి మీద పెట్టి వెళతారు. అంటే, మళ్లీ వస్తాను, తియ్యొద్దు అని. ఇంటర్వెల్‌లో వచ్చి ఎవరి గ్లాసు దగ్గరికి వాళ్లు చేరతారు. అప్పటిదాకా వాటికి కాపలా ప్రసాద్.

పనిలో చేరిన మొదటి శనివారం ఈ సంగతి అతనికెవరూ చెప్పలేదు. అతనికి తెలిసిందల్లా విస్తరాకు. నిడదవోలులో తొమ్మిదో తరగతి మానేసి పెళ్లిళ్ల వంటల్లో ఆకులు ఎత్తిన చెయ్యి అది. ఆకు మడిచారంటే భోజనం అయిపోయినట్టు, ఇక తీసెయ్యవచ్చు. అలాగే అనుకుని మూతలేసిన పదిహేడు గ్లాసులూ తీసుకెళ్లి, సింకులో గుమ్మరించి, మెరిసేలా కడిగి బోర్లించాడు. ఇంటర్వెల్‌కి జనం వచ్చి వెతుక్కున్నారు. మార్సీ మొహం కందగడ్డయింది. అందరి గ్లాసులూ మళ్లీ నింపి ఇచ్చింది. ఆ గొడవ సద్దుమణిగి జనం మళ్లీ ఆటకు వెళ్లాక గోడ పక్క ఆఖరి స్టూలు మీంచి ఒక నవ్వు వినబడింది.

"విస్తరి మడిచిన్రనుకున్నవా తమ్మీ?"

పదకొండేళ్ల కిందట ఆ గదిలో వినబడిన మొదటి తెలుగు ముక్క అది. ఆ నవ్వినాయన కేశవరావు. కడిగేసిన పదిహేడింటిలో ఒకటి ఆయన గ్లాసే.

కేశవరావు ఎదుటి నాటకశాలలో తలుపు దగ్గర టికెట్లు చూసి పంపుతాడు. పొడుగాటి మనిషి, మెరూన్ కోటు, దాని మీద 'కేష్' అని ఇత్తడి పట్టీ. చెల్లెలు కాగితాలు పెట్టి రప్పించుకుంది, నాలుగేళ్లకు ఆమే పోయింది. ఆయనకు పెళ్లాం లేదు, పిల్లల్లేరు. బెల్లెయిర్ వైపు చదువుకునే కుర్రాళ్లతో కలిసి ఒక అపార్ట్‌మెంట్‌లో ఒక గది. నాటకశాలలో డ్యూటీలో ఉన్నంతసేపు కూర్చోకూడదు. తలుపులు మూశాక నలభై నిమిషాలు విడుపు దొరుకుతుంది. ఆ నలభై నిమిషాలూ కూర్చోవడానికే ఆయన ఇక్కడికొస్తాడు. తాగేది అల్లం సోడా. సగం తాగి మూత పెట్టి వెళతాడు. ఇంటర్వెల్ పని చూసుకుని, రెండో భాగం మొదలయ్యాక వచ్చి మిగతా సగం తాగుతాడు. పదకొండేళ్లుగా ఇదే వరస.

ఫిబ్రవరి నుంచి ఆయన బాల్కనీ మెట్లు ఎక్కేటప్పుడు మధ్యలో ఆగుతున్నాడు. తెలుగు సంఘం వాళ్లు పెట్టిన ఉచిత శిబిరంలో డాక్టరమ్మ గొట్టం పెట్టి విని, "అంకుల్, ఇవాళే వెళ్లి చూపించుకోండి," అంది. ఆయన తలూపి, అక్కడ పంచిన అరటిపండు తీసుకుని వచ్చేశాడు. ఇన్సూరెన్స్ లేదు. రెండేళ్ల కిందట బస్టాపులో కళ్లు తిరిగి పడితే ఎవరో దారినపోయే పుణ్యాత్ముడు అంబులెన్స్ పిలిచాడు. ఆసుపత్రిలో పడుకున్న ఆ మూడు గంటలకు బిల్లు కాగితాలు ఇప్పటికీ పోస్టులో వస్తూనే ఉన్నాయి. అరవై అయిదు నిండే నెల మొదటి తారీఖు నుంచి మెడికేర్ వస్తుంది. ఈ దేశం ముసలివాళ్లకు చేసే ఉపకారం అదొక్కటే. మే ఒకటి, గురువారం, ఆయనకా కార్డు పని చెయ్యడం మొదలవుతుంది.

అసలు ఆయనకు ఎప్పుడో రావలసిన కార్డు. కేశవరావుకు అరవై ఏడేళ్లు. కాగితం మీదే అరవై నాలుగు.

"మా బాపు పెద్దసారుకు మూడు కోళ్లిచ్చి బడిల నా వయసు మూడేండ్లు తగ్గిచ్చి రాయించిండు," అని చెప్పాడొకసారి. "ఏడాదికో కోడి. సర్కారు నౌకరీల మూడేండ్లు ఎక్కువ చేస్తనని ఆశ. నౌకరీ రాలే. కోళ్లు పోయినయ్, ఏండ్లు పోయినయ్."

"ఇక్కడ మార్పించుకోలేకపోయారా అన్నయ్యా?"

"ఎవ్వరు సాక్షి? పెద్దసారు పాయె, బాపు పాయె. కోళ్లను పిలుస్తమా?"

మార్చిలో ఒక శనివారం ఆయన స్టూలు మీదే ముందుకు ఒంగిపోతే ప్రసాద్ ఫోన్ తీశాడు. కేశవరావు ఆ చేతిని పట్టుకుని తన నెత్తి మీద పెట్టుకున్నాడు. "అంబులెన్స్ పిల్వనని ఒట్టెయ్యి. నా మీద ఒట్టు," అన్నాడు. చేతి కింద వెంట్రుకలు తడిగా, నెత్తి చల్లగా ఉంది. ఒట్టు వేశాడు. ఇలాంటి ఒట్టు తప్పితే ఎవరి నెత్తిన చెయ్యి పెట్టామో ఆ మనిషి పోతాడని చిన్నప్పటి నుంచి విన్నవాడు మరి.

పదకొండు గంటలకు కడ్డీ తోముతుంటే కూతురు హంసిక ఫోన్ చేసింది. శాన్ ఆంటోనియోలో నర్సింగ్ చదువుతోంది.

"డాడీ, అంకుల్ ఎలా ఉన్నారు?"

"ఇంకా అయిదు రోజులమ్మా. గురువారం పొద్దున్నే నేనే తీసుకెళ్తున్నా. లీవ్ కూడా పెట్టాను."

"ఫైవ్ డేస్ అంటే చాలా డాడీ. హార్ట్‌కి డేట్ తెలీదు కదా. పెయిన్ జా, ఐ మీన్ దవడ దగ్గరికి వచ్చింది అంటే వెయిట్ చెయ్యకూడదు. ఎమర్జెన్సీలో ఎవర్నీ వద్దు అనరు. అది లా."

"చెప్పానమ్మా ఆ మాట."

"చెప్తే ఏమన్నారు?"

"వద్దనరు గానీ తర్వాత వదలరు అన్నాడు."

"నువ్వు డిసైడ్ చెయ్యి డాడీ. సమ్‌బడీ డిసైడ్ చెయ్యాలి కదా," అంది హంసిక.

"ఐసు నింపాలమ్మా," అని ఫోన్ పెట్టేశాడు. ఐసు ఎప్పుడో నింపేశాడు. బడి మానడం వాళ్ల నాన్న నిర్ణయించాడు. అమెరికా బావమరిది నిర్ణయించాడు. అంతకుముందు పనిచేసిన మోటెల్ మూతబడి ఈ పబ్‌ని నిర్ణయించింది. అలవాటు లేని నిర్ణయం అతను ఎక్కడ నుంచి తెస్తాడు.

ఒంటిగంట నుంచి జనం. సెంటు వాసన, ఇస్త్రీ చొక్కాలు, వేయించిన ఆలుగడ్డలు. ప్రసాద్ ఖాళీ గ్లాసులు ఎత్తుతూ, కడుగుతూ, తుడుస్తూ, మనుషుల మధ్య పక్కకు తిరిగి నడుస్తూనే ఉన్నాడు. ఎవరూ అతని మొహం చూడరు, చేతిలో ట్రే చూసి దారిస్తారు. రెండింటికి పది నిమిషాల ముందు మార్సీ గంట కొట్టింది. అయిదు నిమిషాల్లో గది ఖాళీ. ప్రసాద్ మూతలు లెక్క చూసుకున్నాడు. ఇరవై మూడు.

రెండూ ఇరవైకి తలుపు తెరుచుకుంది గానీ మనిషి లోపలికి రాలేదు. తలుపు పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు కేశవరావు. వెనక ఎండ ఉండడం వల్ల మొహం కనబడలేదు. ఆఖరి స్టూలు దాకా తొమ్మిది అడుగులు వేసి, కౌంటరు అంచు పట్టుకుని కూర్చున్నాక కనబడింది. బూడిద రంగు. కోటు కాలరు ముదురు రంగులోకి తడిసిపోయింది. ప్రసాద్ పిడి ఉన్న గ్లాసులో అల్లం సోడా పోసి ముందు పెట్టాడు.

"ఏం తమ్మీ, ఇయ్యాల ఎన్ని విస్తర్లు?"

"ఇరవై మూడు. మీ మొహం ఏంటన్నయ్యా అలా ఉంది?"

"ఎప్పుడు గిట్లనే ఉంటది. అడిగితే మా అమ్మను అడగాలె."

"చెమటలు కారిపోతున్నాయి."

"ఎండ."

"లోపల ఏసీ ఉందండి."

"ఉన్నది గని నా దాంక వస్తలేదు." గ్లాసు రెండు చేతులతో ఎత్తి ఒక గుక్క తాగి దించాడు. ఎడమ దవడను బొటనవేలితో రుద్దుకున్నాడు. "పన్ను గుంజుతున్నది."

హంసిక పొద్దున చెప్పిన మాట ప్రసాద్ చెవిలో మోగింది. "పన్ను కాదన్నయ్యా అది."

"గురువారం పన్ను గూడ చూపిద్దాం తియ్యి. ఒక్క కార్డు మీద ఎన్ని అంటే అన్ని."

ప్రసాద్ తడిచెయ్యి ఆప్రానుకు తుడుచుకుని జేబులోంచి ఫోన్ తీశాడు. కేశవరావు అతని వైపు చూడలేదు, ఫోన్ వైపే చూశాడు.

"చెయ్యి యాడ పెట్టి ఒట్టేసినవో యాదికున్నదా?"

"ఉందండి."

"మరి జేబుల పెట్టు."

"పోనీ నా కార్లో తీసుకెళ్తా. నేనే డ్రైవ్ చేస్తా. అంబులెన్స్ కాదు గదా."

"కార్ల పోతే పేరు రాసుకోరా? ముందుగాల కార్డు అడుగుతరు తమ్మీ, అయినెంక నాడి పట్టుకుంటరు." ఊపిరి కోసం ఆగాడు. "అరవై ఏడేండ్లు మోసిన. అయిదు రోజులు మొయ్యలేనా?"

ప్రసాద్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అంత సులువుగా పెట్టుకున్నాడు. పక్కనే మార్సీ నిమ్మకాయలు కోస్తోంది. ఆమెకు ఒక్క మాట చెప్పినా చాలు, కత్తి పక్కన పడేసి ఫోన్ అందుకునే మనిషి. ఆమె పిలిస్తే ఇతను ఒట్టు తప్పినట్టు కూడా కాదు. ఈ ఆలోచన అతనికి రాకపోలేదు, వచ్చింది. గంటన్నర ఆలస్యంగా వచ్చింది.

కేశవరావు కాస్త తేరుకున్నట్టే కనబడ్డాడు. ఎదుటి గోడ మీద ఫోటోలు చూస్తూ, "పన్నెండేండ్లాయె ఆ తలుపు కాడ. ఒక్క ఆట మొత్తం చూడలే," అన్నాడు. "నవ్వులు ఇనబడ్తయి. ఎందుకు నవ్విన్రో తెల్వది. నేను గూడ నవ్వుత."

"గురువారం అయ్యాక ఒకటి చూద్దాం. ఇద్దరికీ టికెట్లు నేను కొంటా."

"నాకు కూసునే సీటు కొను. నిలవడి చూసేది వద్దు."

మూడు కావడానికి రెండు నిమిషాలుండగా లేచాడు. సగం మిగిలిన గ్లాసు మీద అట్టబిళ్ల పెట్టి, అది జారిపోతుందేమో అన్నట్టు బొటనవేలితో గట్టిగా నొక్కాడు.

"తియ్యకు. విస్తరి గాదు," అన్నాడు. ప్రతి శనివారం అనే మాటే.

ప్రసాద్ కిటికీలోంచి చూశాడు. రోడ్డు మీద ఒక్క కారూ లేదు. అయినా ఆయన సిగ్నల్ స్తంభాన్ని పట్టుకుని, నడిచే మనిషి బొమ్మ వెలిగేదాకా ఆగి, అప్పుడు దాటాడు. మెరూన్ కోటు అద్దాల తలుపు వెనక్కి వెళ్లిపోయింది.

మూడూ పదికి ఇంటర్వెల్ జనం తోసుకొచ్చారు. ఎవరి మూతలు వాళ్లు తీసుకుని తాగుతున్నారు. ఐసు అడిగేవాళ్లు, నాప్కిన్లు అడిగేవాళ్లు. ఆకుపచ్చ పట్టు గౌను వేసుకున్న ఒకామె స్నేహితురాలితో చెబుతోంది. తమను పక్క తలుపులోంచి పంపించారట. పెద్ద తలుపు దగ్గర ఎవరో పడిపోయి ఉన్నారట. పాపం, ఎప్పుడూ నవ్వుతూ టికెట్లు చూసే ఆ పొడుగాటి ముసలాయన. ఆట చూడటానికి వచ్చిన డాక్టరెవరో కోటు విప్పి ఛాతీ నొక్కుతున్నాడట.

ప్రసాద్ చేతిలో ట్రే ఉంది. ట్రే మీద పద్నాలుగు గ్లాసులున్నాయి. వాటిని ఎక్కడ దించాలో తెలియక అలాగే నిలబడ్డాడు. "ప్రసాద్, ఐస్," అని మార్సీ కేకేసింది. వెళ్లి ఐసు తెచ్చాడు. సైరన్ దగ్గరైంది, తలుపు బయటే ఉన్నట్టు మోగి ఆగింది. ఎవరో పిలిచారు. ఎవరి నెత్తి మీదా చెయ్యి పెట్టనివాళ్లు, ఎవరినీ అడగకుండా పిలిచేశారు. అతను ఇంకో బకెట్ ఐసు తెచ్చాడు.

మార్సీ రెండో గంట కొట్టి జనం వెళ్లాక ఆప్రాను విప్పకుండానే రోడ్డు దాటి పరుగెత్తాడు. పెద్ద తలుపు దగ్గర తివాచీ మీద ఒకచోట తడి. రబ్బరు చేతితొడుగు ఒకటి తిరగబడి పడి ఉంది. వాకీటాకీ పట్టుకున్న మేనేజరమ్మ, చిన్నపిల్ల, ముప్ఫై కూడా ఉండవు, "మీరు ఫ్యామిలీనా?" అని అడిగింది. ప్రసాద్ ఒక క్షణం ఆలోచించి, "ఫ్రెండ్," అన్నాడు. అయితే ఏ ఆసుపత్రో చెప్పకూడదంది. సారీ అంది. నిజంగానే బాధపడుతున్నట్టు అంది. అన్నయ్య అని ఎందుకు చెప్పలేదా అనుకుంటూ రోడ్డు దాటి వచ్చాడు. కేశవరావు నంబరుకు ఆరుసార్లు చేశాడు. ఆరుసార్లూ మోగింది.

నాలుగున్నరకు ఆ మేనేజరమ్మే పబ్‌లోకి వచ్చింది. ముందు మార్సీతో మెల్లగా మాట్లాడింది. మార్సీ చేతిలో గుడ్డ కౌంటరు మీద పెట్టింది. మళ్లీ తీసుకుంది. మళ్లీ పెట్టింది. ఇద్దరూ ప్రసాద్ వైపు తిరిగారు. ఇక ఆ పిల్ల నోరు విప్పి చెప్పనవసరం లేకపోయినా చెప్పింది. దారిలోనే పోయాడట.

ఆమె చేతిలో అట్టకు బిగించిన కాగితం ఉంది. బంధువులెవరైనా తెలుసా అని అడిగింది. తెలియదన్నాడు. ఉంటున్న చోటు చెప్పాడు. పేరు అక్షరాలు సరిచూసింది. "ఏజ్ సిక్స్టీ ఫోర్," అని చదివి తలెత్తింది.

"సిక్స్టీ సెవెన్," అన్నాడు ప్రసాద్.

ఆమె కాగితం మళ్లీ చూసుకుంది. ఐడీలో పుట్టినరోజు ఇలా ఉందని చూపించింది.

"ఐడీ రాంగ్. హి ఈజ్ సిక్స్టీ సెవెన్."

ఆమె ఎదురుచూసింది. మార్సీ కూడా చూస్తోంది. చెప్పాలి. ఒక తండ్రి, ఒక పెద్దసారు, ఏడాదికో కోడి. రాని నౌకరీ. ఇదంతా చెప్పే ఇంగ్లీషు అతని దగ్గర లేదు. ఉన్నా ఆ కాగితంలో దాన్ని రాసే గడి లేదు. "త్రీ చికెన్స్," అని మాత్రం అన్నాడు. ఆ పిల్ల అతని మోచేతి మీద చెయ్యి వేసి మెల్లగా నొక్కి, కాగితంలో ఏమీ మార్చకుండా వెళ్లిపోయింది.

ఒట్టు తప్పలేదు. ఆ ఒక్కటీ సరిగ్గా చేశాడు.

ఇంటికి వెళ్లిపొమ్మంది మార్సీ. సాయంత్రం ఆట ఉంది కదా అన్నాడు. వెళితే ఏం చెయ్యాలి. హంసికకు ఫోన్ చెయ్యాలి. గురువారం పెట్టిన లీవ్ గురించి మార్సీ అడగలేదు, అతనూ వద్దనలేదు. కౌంటరు మీది ఖాళీ గ్లాసులన్నీ ట్రేలోకి ఎత్తి, తీసుకెళ్లి కడిగాడు. ఇరవై మూడూ కడిగి బోర్లించాడు. చేతులకు అదొక్కటే తెలుసు.

ఆరున్నరకు జనం మళ్లీ మొదలయ్యారు. స్టూళ్లన్నీ నిండాయి. టై కట్టుకున్న ఒక కుర్రాడు గోడ పక్క ఆఖరి స్టూలు మీద చెయ్యి వేసి, ఇక్కడ ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. మార్సీ ప్రసాద్ వైపు చూసింది.

"ఉన్నారు," అన్నాడు ప్రసాద్, తెలుగులోనే. కుర్రాడు గ్లాసు చూసి, అర్థమైనట్టు తలూపి, వెనక్కి తగ్గి నిలబడ్డాడు.

బుడగలన్నీ ఆగిపోయిన సగం అల్లం సోడా, దాని మీద అట్టబిళ్ల, బొటనవేలు నొక్కిన చోట కొంచెం లోపలికి వంగి.